పరిశోధనకు పన్ను రాయితీ ఉదయగిరి దాకా వస్తుందా?

వ్యాపార సంస్థ పరిశోధన మీద పెట్టిన ఖర్చుకు ప్రభుత్వం పన్నులో ఊరట ఇచ్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఆ ఖర్చును ఆదాయంలోంచి తీసేసి, మిగిలినదాని మీదే పన్ను వేయడం ఒకటి. కట్టాల్సిన పన్నులోనే కొంత మొత్తం కొట్టేయడం రెండోది. అమెరికా కేంద్ర ప్రభుత్వం 1981లో ఈ రెండో పద్ధతి తెచ్చింది. ఆ వెంటనే మిన్నెసోటా, తర్వాత కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు కూడా తమ ఆదాయపు పన్నులో అలాంటి తగ్గింపు ఇచ్చాయి.

ఆంధ్రప్రదేశ్‌కు ఆ వీలు లేదు. మన రాజ్యాంగం ప్రకారం ఆదాయపు పన్ను కేంద్రానిది. వ్యవసాయ ఆదాయం మీద పన్ను మాత్రమే రాష్ట్రాల చేతిలో ఉంది. కాబట్టి ఇక్కడ పన్ను ఊరట ఢిల్లీ నుంచి రావాలి, రాష్ట్రం మరో రూపంలో సాయం చేయాలి.

కేంద్రం మొదటి పద్ధతినే పాటిస్తోంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 35వ సెక్షన్ ఇందుకు ఆధారంగా ఉండేది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. పాత చట్టంలో అందరి నోళ్లలో నానింది 35(2ఏబీ). కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన విభాగం (డీఎస్‌ఐఆర్) ఆమోదించిన సొంత పరిశోధన కేంద్రం ఉన్న కంపెనీ, పెట్టిన ఖర్చుకు మించి ఆదాయంలో తగ్గించి చూపుకునే వీలు దానివల్ల కలిగింది. 2010లో ఈ తగ్గింపును 200 శాతం చేశారు. అంటే 30 శాతం పన్ను కట్టే కంపెనీ కోటి రూపాయలు ఖర్చుపెడితే, రెండు కోట్ల ఆదాయం మీద పన్ను తప్పి, 60 లక్షలు మిగిలేవి. 2017 ఏప్రిల్ నుంచి దాన్ని 150 శాతానికి, 2020 ఏప్రిల్ నుంచి 100 శాతానికి దించారు. మిగులు 45 లక్షలకు, ఆపైన 30 లక్షలకు పడిపోయింది. దేశం మొత్తం మీద పరిశోధన ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం దగ్గరే ఆగిపోయిన కాలంలో ఈ కోత పడడం విచారకరం.

హైదరాబాద్ మందుల కంపెనీలకు ఈ లెక్కలన్నీ కొట్టిన పిండి. నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతంలో మాత్రం కథ వేరు. దుర్గం కొండ కింద ఉన్న ఉదయగిరిలో చేతివృత్తివారు నర్ది, బిక్కి వంటి స్థానిక చెక్కలతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుతారు. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆరబెట్టేటప్పుడు చెక్క పగలకుండా చూడడం, ఆహారానికి హాని చేయని పూత కనిపెట్టడం, దొరకడం కష్టమవుతున్న చెక్కకు బదులు మరోటి పరీక్షించడం వంటి పనులు ఇక్కడ చేపడితే అవి నిజమైన పరిశోధనే. చట్టం కూడా ప్రకృతి శాస్త్రాల్లోనైనా, అనువర్తిత శాస్త్రాల్లోనైనా జ్ఞానాన్ని పెంచే పనినే శాస్త్ర పరిశోధన అంటుంది. కొత్త నగిషీ గీయడం మాత్రం అందులోకి రాదు.

అయినా ఈ వృత్తివారికి 35(2ఏబీ) తరహా తగ్గింపు వర్తించదు. అది కంపెనీలకే. ఒక్కరి పేరున నడిచే దుకాణానికీ భాగస్వామ్య సంస్థకూ చోటు లేదు. పరిశోధన కోసం కొన్న యంత్రం ఖరీదును, స్థలం ధర మినహా, ఆ ఏడాదే పూర్తిగా ఖర్చు రాసుకునే వీలు ఏ వ్యాపారికైనా ఉంది. అయితే పాత చట్టంలో 44ఏడీగా ఉన్న పద్ధతి కింద అమ్మకాల్లో 8 శాతాన్ని, డిజిటల్ చెల్లింపులైతే 6 శాతాన్ని లాభంగా చూపే చిన్న వ్యాపారికి ఇదీ అందదు. ఆ పద్ధతిలో ఖర్చులన్నీ ముందే తీసేసినట్టు చట్టం భావిస్తుంది. ఇక పన్ను కట్టేంత ఆదాయమే లేనివారికి ఏ తగ్గింపూ అక్కరకు రాదు. అవసరం ఎక్కువున్నచోటికే ఈ ఊరట చేరడం లేదన్నది ఈ ఏర్పాటులోని పెద్ద లోపం.

రాష్ట్రం చేసే సాయానికి ఈ అడ్డు తక్కువ. కట్టిన రాష్ట్ర వస్తు సేవల పన్ను (ఎస్‌జీఎస్‌టీ)లో కొంత తిరిగి ఇవ్వడం, స్టాంపు డ్యూటీ, కరెంటు రాయితీలు, యంత్రాలకు పెట్టుబడి సబ్సిడీ, పేటెంటు ఖర్చులో వాటా వంటివి రాష్ట్ర విధానాల్లో వాడుకలో ఉన్న మార్గాలు. నెల్లూరు జిల్లా ఆత్మకూరు ఎమ్మెల్యే మేకపాటి గౌతమ్‌రెడ్డి పరిశ్రమల మంత్రిగా ఉన్నప్పుడు 2020-23 పారిశ్రామిక విధానం వచ్చింది. 2024 అక్టోబరులో తర్వాతి ప్రభుత్వం కొత్త విధానాలు ఆమోదించింది. 2025 మే 1న ఆత్మకూరు మండలం నారంపేటలో చిన్న పరిశ్రమల పార్కు ప్రారంభమైంది. పార్కు అంటే స్థలం, రోడ్డు, కరెంటు. వాటితో పాటు చెక్కను పరీక్షించే చిన్న ల్యాబు ఉంటే, సొంతంగా ల్యాబు పెట్టుకోలేని పది దుకాణాలకు అది పన్ను తగ్గింపు కంటే ఎక్కువ ఉపయోగం.

రాష్ట్రాల రాయితీల మీద ఒక గట్టి ఆక్షేపణ ఉంది. అమెరికా రాష్ట్రాల లెక్కలు పరిశీలించిన డేనియల్ విల్సన్ అనే ఆర్థికవేత్త, ఒక రాష్ట్రంలో పెరిగిన పరిశోధన చాలావరకు పొరుగు రాష్ట్రాల నుంచి తరలి వచ్చిందేనని 2009లో తేల్చారు. దేశం మొత్తానికి లాభం దాదాపు సున్నా. పెద్ద కంపెనీల కోసం రాష్ట్రాలు పోటీపడే మన దగ్గర కూడా ఈ మాట గట్టిగా పట్టించుకోవాల్సిందే. ఉదయగిరి చెక్కపనికి మాత్రం ఇది వర్తించదు. దాని భౌగోళిక గుర్తింపు ఆ ప్రాంతానికే చెందుతుంది కనుక, అక్కడ చేసిన సాయం పొరుగు రాష్ట్రం నోటికాడి కూడు లాక్కోదు.