గంజాయి వనంలో మందు మొక్క

చెడ్డవాళ్ళ నడుమ ఒక మంచివాడు కనిపిస్తే మన పెద్దలు "గంజాయి వనంలో తులసి మొక్క" అనేవారు. ఆ సామెతలో తులసికీ గంజాయికీ తీర్పు ఏనాడో అయిపోయింది. ఇప్పుడు అనేక దేశాల్లో వైద్యులూ న్యాయకోవిదులూ ఆ తీర్పును తిరగదోడుతున్నారు. గంజాయిలోనూ కాస్త తులసి గుణం ఉందా? ఉంటే దాన్ని రోగికి అందించడం ఎలా? రోగికి అందించబోయి వీధిలోని కుర్రవాడి చేతికి మత్తు అందించకుండా ఉండడం ఎలా? చర్చంతా ఈ మూడు ప్రశ్నల మీదే.

నేను డాక్టరునూ కాను, వకీలునూ కాను. బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. ఏ విషయమైనా జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క రాసుకుని చూసుకోవడం నా అలవాటు. ఇక్కడా అదే చేస్తాను.

అసలు ఈ గొడవ మనకెందుకు అంటారా? చెన్నైలో కాపురముంటున్న తెలుగువాళ్ళకు ఈ మాట తప్పించుకోవడానికి వీలులేనిది. విశాఖ వైపు నుంచి వచ్చే రైళ్ళలో సంచులు పట్టుబడ్డాయని పేపర్లో వచ్చినప్పుడల్లా "ఆంధ్రా గంజాయి" అన్న మాట కనిపిస్తుంది. తమిళ మిత్రులు నవ్వుతూ అన్నా మనకు చురుక్కుమంటుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021లో "ఆపరేషన్ పరివర్తన" పేరుతో ఏజెన్సీ కొండల్లో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల సరుకును గుట్టలు పోసి తగులబెట్టారు. పండించిన గిరిజనుడికి దక్కేది నాలుగు రూకలు, మోసుకొచ్చిన కుర్రవాడికి దక్కేది జైలు, మధ్య దళారికి దక్కేది లాభం.

పాత దస్తావేజులు

ఈ మొక్క మన దేశంలో ఎప్పుడూ దొంగ సరుకే అనుకుంటే పొరపాటు. ఆయుర్వేదంలో దీనికి "విజయ" అని పేరు. కలకత్తా మెడికల్ కాలేజీలో పనిచేసిన ఓషాగ్నెసీ అనే ఐరిష్ డాక్టరు 1839లో దీన్ని ధనుర్వాతానికీ, పసిపిల్లల మూర్ఛలకూ వాడి చూసి వ్యాసం ప్రకటించాడు. పాశ్చాత్య వైద్యానికి ఈ మందు పరిచయమైంది ప్రధానంగా ఆయన ద్వారానే.

1893లో బ్రిటిషు ప్రభుత్వం గంజాయి వాడకంపై ఏడుగురు సభ్యుల కమిషన్ వేసింది. వాళ్ళు దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షులను విచారించి, 1894లో నివేదిక ఇచ్చారు. మితిమీరితే హాని ఉంది, మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని కనిపించలేదు, కాబట్టి పూర్తిగా నిషేధించకుండా లైసెన్సులతో, పన్నుతో అదుపు చెయ్యాలి అన్నది దాని సారాంశం. ఆ రోజుల్లో మన మదరాసు రాజధానిలోనే బాపట్ల తాలూకాలో సర్కారు ఎరుకలో ఈ పంట పండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

రెండు తాళం చెవులు

1961 అంతర్జాతీయ ఒప్పందం గంజాయిని కఠినమైన జాబితాలో చేర్చింది. ఆ బాటలోనే మన పార్లమెంటు 1985లో మాదకద్రవ్యాల చట్టం తెచ్చింది. 20 కిలోలకు మించి గంజాయి దొరికితే 10 నుంచి 20 ఏళ్ళ కఠిన శిక్ష. అయితే చట్టం గంజాయి అన్నది పూతనూ కాయనూ మాత్రమే. ఆ పూత కలవని ఆకూ గింజా ఆ నిర్వచనంలోకి రావు. ఉత్తరాదిన హోళీకి భంగు అమ్మే దుకాణాలు నడిచేదీ, ఆకు సారంతో చేసిన ఆయుర్వేద మందులు వైద్యుడి చీటీ మీద దొరికేదీ ఈ సందులోంచే.

ఇంకో ముఖ్యమైన సంగతి. అదే చట్టంలోని 8వ సెక్షన్, వైద్యానికీ శాస్త్ర పరిశోధనకూ మినహాయింపు ఇచ్చింది. మరి మందు ఎందుకు రాలేదు? మా బ్యాంకు లాకరు చూసినవారికి ఇది చెప్పడం తేలిక. లాకరుకు రెండు తాళం చెవులు. ఒకటి ఖాతాదారు దగ్గర, రెండోది బ్యాంకు దగ్గర. రెండూ పడితే గానీ తలుపు తెరుచుకోదు. చట్టం ఒక చెవి ఇచ్చింది. లైసెన్సులూ నిబంధనలూ అనే రెండో చెవి రాష్ట్ర ప్రభుత్వాల దగ్గర ఉండిపోయింది.

జమ పక్క

చిత్రమేమిటంటే, మనం చట్టం చేసిన 1985లోనే అమెరికాలో గంజాయిలోని టి.హెచ్.సి. అనే పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, కేన్సరు చికిత్సలో వచ్చే వాంతులకు మాత్రగా అనుమతించారు. 1996 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు వైద్యానికి గంజాయిని ఒప్పుకున్నారు. 2017లో అమెరికా జాతీయ అకాడమీలు అప్పటి పరిశోధనలన్నీ జల్లెడపట్టి, మూడింటికి గట్టి ఆధారం ఉందన్నాయి: పెద్దవాళ్ళలో దీర్ఘకాలపు నొప్పి, కీమోథెరపీ వాంతులు, మల్టిపుల్ స్క్లిరోసిస్ రోగులు చెప్పే కండరాల బిగువు. 2018లో ఎపిడియోలెక్స్ అనే ద్రవం, పిల్లల్లో వచ్చే రెండు రకాల మొండి మూర్ఛలకు అక్కడ అనుమతి పొందింది. ఇందులో ఉన్నది మత్తు ఇవ్వని సి.బి.డి.

2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల సంఘం, గంజాయిని అత్యంత కఠినమైన నాలుగో జాబితా నుంచి తొలగించింది. అనుకూలంగా 27 ఓట్లు, వ్యతిరేకంగా 25. అనుకూలంగా చెయ్యెత్తిన దేశాల్లో భారతదేశం ఒకటి.

ఖర్చు పక్క

ఇక రెండో పక్క. ఎదిగే వయసు పిల్లల మెదడుకు ఇది మంచిది కాదు. మతిభ్రమణానికి లోనయ్యే స్వభావం ఉన్నవారికి మరీ ప్రమాదం. అలవాటైతే వదలడం కష్టం. రక్తం పలచబడడానికి వాడేవి వంటి ఇతర మందులతో తగాదా పెట్టుకుంటుంది. కేన్సరునే నయం చేస్తుందని చెప్పుకునే మాటలకు రోగుల మీద రుజువు లేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన సర్వే ప్రకారం దేశంలో సుమారు 3 కోట్ల 10 లక్షల మంది భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడుతున్నారు. వారిలో 72 లక్షల మందికి చికిత్సో సహాయమో అవసరం. "మందు" అన్న పేరు పెట్టి తలుపు బార్లా తెరిస్తే ఆ లెక్క ఎటు పోతుందోనన్న భయం అర్థం లేనిది కాదు.

థాయిలాండు అనుభవం ఇందుకు సాక్షి. 2018 చివర వైద్యానికి అనుమతించారు. 2022లో మత్తుపదార్థాల జాబితా నుంచే తీసేశారు. వీధివీధినా దుకాణాలు వెలిశాయి. చివరకు 2025 జూన్‌లో మళ్ళీ డాక్టరు చీటీ ఉండాల్సిందేనని నిబంధన పెట్టుకున్నారు.

మా ఇంట్లో జరిగిన చర్చ

2021లో మా అక్కయ్య ఒంగోలు నుంచి కేన్సరు వైద్యానికి వచ్చి మా ఇంట్లో ఉంది. కీమో ఇచ్చిన నాలుగైదు రోజులూ మంచినీళ్ళు కూడా కడుపులో నిలిచేవి కావు. కాలిఫోర్నియాలో ఉన్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, ఇక్కడ ఇలాంటివాళ్ళు చాలామంది ఆ నూనె వాడుతున్నారు. ఒక సీసా పంపిస్తాను, అమ్మకు రెండు చుక్కలు వెయ్యి" అన్నాడు.

ఇల్లు రెండు పక్షాలైపోయింది. రిటైరైన హెడ్మాస్టరు మా బావగారు "మన ఇంటికి గంజాయి తెప్పిస్తామా!" అని మండిపడ్డారు. మా ఆవిడ "రోగికి మందు కావాలి గానీ దాని పుట్టుపూర్వోత్తరాలు ఎందుకండీ" అంది. అక్కయ్య మాత్రం గోడవైపు తిరిగి పడుకునే ఒక్క మాట అంది: "నాకు దాని పేరుతో పనిలేదురా. ఒక్క పూట అన్నం లోపల నిలిస్తే చాలు."

వకీలు మిత్రుణ్ణి అడిగాను. అమెరికా డాక్టరు చీటీ ఉన్నా సరే, ఇక్కడి అనుమతి లేకుండా అలాంటి సీసా దేశంలోకి తెప్పించడం నేరమేనన్నాడు. మేనల్లుడికి వద్దని చెప్పాను. డాక్టరుగారు వాంతుల మందు మార్చి రాశారు, కొంత తెరిపి వచ్చింది. అంతటితో అయిపోలేదు. మరుసటి ఏడు జబ్బు ఎముకలకు పాకి నొప్పి మొదలైంది. రాత్రిళ్ళు ఆవిడ మూలుగు వింటూ ఎవరమూ నిద్రపోలేదు. మార్ఫిన్ మాత్ర కావాలంటే ఊళ్ళోని ఆసుపత్రిలో లేదన్నారు, మందుల షాపులవాళ్ళు ఆ పేరు వినగానే తల అడ్డంగా ఊపారు. చివరకు చెన్నైలో నొప్పి నివారణ విభాగం ఉన్న ఒక చోట దొరికింది. ఖరీదు కొద్ది రూపాయలే. ఆ రాత్రి ఆవిడ నిద్రపోయింది. తర్వాత బతికిన నాలుగు నెలలూ మనవరాళ్ళతో మాట్లాడుతూ గడిపింది.

నల్లమందు నేర్పిన పాఠం

మార్ఫిన్ నల్లమందులోంచి వస్తుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు కేంద్ర ప్రభుత్వ లైసెన్సుతో ఆ పంట పండిస్తారు. నీమచ్, ఘాజీపూర్‌లలో సర్కారు ఫ్యాక్టరీలున్నాయి. ప్రపంచానికి నల్లమందు ఎగుమతి చేసే దేశంలో, మన రోగులకే అది కరువైంది. 1985లో దేశంలో మార్ఫిన్ వాడకం 600 కిలోల దరిదాపుల్లో ఉంటే, 1997 నాటికి 20 కిలోల లోపుకు పడిపోయింది. రోగాలు తగ్గి కాదు. ఒక్కొక్క కొనుగోలుకు నాలుగైదు లైసెన్సులు, లెక్కలో తేడా వస్తే పదేళ్ళ జైలు. ఏ మందుల షాపు యజమాని సాహసిస్తాడు?

1993లో కోళికోడులో నొప్పి నివారణ సంఘం ప్రారంభించినవారిలో ఒకరైన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు ఏళ్ళతరబడి పోరాడగా, 2014లో చట్టాన్ని సవరించారు. 2015 నుంచి మార్ఫిన్‌తో సహా ఆరు మందులకు, రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి ఒక్కరి గుర్తింపు చాలు. అయినా భయం మాత్రం చట్టం మారినంత త్వరగా పోలేదు.

అందుకే అంటాను, గంజాయి మందుపై చర్చించేవారు ముందుగా మార్ఫిన్ కథ చదవాలి. థాయిలాండులో తలుపు బార్లా తెరిచారు. మార్ఫిన్ విషయంలో మనం తలుపుకు తాళం వేసి, చెవి ఎక్కడ పెట్టామో మరిచాం. రెండూ రోగికి మేలు చెయ్యలేదు.

మరి దారేది?

మన దేశంలో కదలిక లేకపోలేదు. ఉత్తరాఖండ్ 2018 నుంచి మత్తు అతితక్కువగా ఉండే రకం సాగుకు లైసెన్సులిస్తోంది. జమ్మూలోని కేంద్ర పరిశోధనా సంస్థ అనుమతితో గంజాయి పెంచి, మందుల కోసం పరిశోధిస్తోంది. హిమాచల్ మంత్రివర్గం 2025 జనవరిలో ప్రయోగాత్మక సాగుకు ఒప్పుకుంది.

నా మట్టుకు నాకు తోచేది ఇది. మొదటిది, మందును మందుగానే తేవాలి. కొలిచిన మోతాదు, పరీక్షించిన సీసా, డాక్టరు చీటీ ఉండాలి. పొగ తాగడం వైద్యం కాదు. రెండవది, సరదాకు తాగేవారి హక్కుల వాదాన్ని దీనికి ముడిపెట్టకూడదు. ముడిపెడితే రెండూ నిలబడవు. మూడవది, అనుమతి ఇచ్చేది ఒక్క అధికారి కావాలి, ఐదుగురు కాదు. నాల్గవది, మందు కోసం పంట అవసరమైతే, నల్లమందు రైతుకిచ్చినట్టే కొలతలతో, తనిఖీతో లైసెన్సులిచ్చే విషయం పరిశీలించాలి. మన ఏజెన్సీ గిరిజనుడికి అందులో చోటుంటుందో లేదో గానీ, ఆలోచనలో మాత్రం చోటుండాలి.

ఇవన్నీ ప్రభుత్వాలు చెయ్యవలసినవి. మనం చెయ్యగలిగినవి రెండున్నాయి. అమెరికా, కెనడాల నుంచి సెలవులకు వచ్చే పిల్లలకు ముందే చెప్పండి. అక్కడ దుకాణంలో చట్టబద్ధంగా కొన్న జెల్లీ బిళ్ళ అయినా, నూనె సీసా అయినా మీనంబాకంలో దిగేసరికి నేరమవుతుంది. రెండవది, ఇంట్లో ఎవరైనా పెద్ద జబ్బుతో బాధపడుతుంటే, ఆసుపత్రిలో "మీ దగ్గర నొప్పి నివారణ విభాగం ఉందా?" అని తప్పక అడగండి. లేదంటే ఎక్కడుందో అడగండి. నొప్పి భరించడం గొప్ప అని మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ముఖ్యంగా నేర్పిపెట్టాం. అది గొప్ప కాదు. చట్టప్రకారం ఈరోజే దొరికే మందుంది, అడగడానికి మొహమాటపడకండి.