ఫైలుకు పేరు పెట్టుట ఎట్లు?

ఒక విద్యార్థి తన ప్రయోగఫలితములను పాఠశాలలోని లినక్స్ కంప్యూటరుపై రెండు ఫైళ్లుగా దాచెననుకొందము. రెండింటికిని ఇంగ్లీషులో ఒకటే పేరు. ఒకదానిలో తొలి అక్షరము పెద్దబడి, రెండవదానిలో చిన్నబడి. రెండింటిని ఒకే మూటగా కట్టి, ఇంటిలోని విండోస్ కంప్యూటరుపై విప్పినాడు. ‘ఈ పేరుగల ఫైలు ముందే ఉన్నది, మార్చవలెనా?’ అని యంత్రము అడిగినది. తొందరలో ‘అవును’ అన్నాడు. ఒక ఫైలు పోయినది!

తప్పు యంత్రముది కాదు. కంప్యూటరును నడపు ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కు పేర్ల విషయమున తన నియమములు కలవు. లినక్స్ దృష్టిలో పెద్ద, చిన్న అక్షరములు వేరు. విండోస్, మాక్ సాధారణముగా మనము వ్రాసిన రూపమునే చూపినను, పోల్చునపుడు రెండింటిని ఒకటిగా ఎంచును.

గుర్తుల సంగతియు ఇట్టిదే. బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు నిర్మించిన యూనిక్స్‌లో / గుర్తు ఒక ఫోల్డరును మరొకదానినుండి విడదీయును. కనుక అది పేరులో రాకూడదు. 1981 నాటి ఎమ్మెస్ డాస్‌లో ఫోల్డర్లు లేవు. / గుర్తును ఆజ్ఞలకు చేర్చు సూచనలకై వాడిరి. 1983లో ఫోల్డర్లు వచ్చినప్పుడు వాటికి \ గుర్తు మిగిలినది. : గుర్తు డ్రైవు అక్షరము పక్కన నిలుచును, *,? గుర్తులు ఫైళ్లను గుంపుగా వెదకుటకు ఉపయోగపడును. నేటి విండోస్ \ / : * ? " < > | అను తొమ్మిదింటిని పేర్లలో ఒప్పుకొనదు. లినక్స్ / గుర్తును, సున్న విలువగల బైటును మాత్రమే నిషేధించును. కావున ‘పరీక్ష 10:30’ అను పేరు లినక్స్‌లో చెల్లును, విండోస్‌లో చెల్లదు. ‘కాన్’, ‘నల్’ వంటి పేర్లు ఆనాడు పరికరములకు ఇచ్చినవి. వాటిని ఫైళ్లకు పెట్టవద్దని మైక్రోసాఫ్ట్ హెచ్చరించుచున్నది.

తెలుగు పేర్లు పెట్టవచ్చునా? నిస్సందేహముగా పెట్టవచ్చును. కాని పొడవు గమనింపవలెను. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అను ఒక్క అక్షరము ఆరు సంకేతముల కూర్పు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడి. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమునకు 3 బైట్లు కావలెను. అనగా మొత్తము 18. లినక్స్‌లో పేరునకు సాధారణముగా 255 బైట్లే హద్దు కనుక 85 తెలుగు సంకేతములే పట్టును. విండోస్ బైట్లను గాక 16 బిట్ల ప్రమాణములను లెక్కించును. అందు 255 తెలుగు సంకేతములు పట్టును. నూరు సంకేతముల పేరు అక్కడ చెల్లి, ఇక్కడ చెల్లకపోవుటకు ఇదియే కారణము.

అన్నిచోట్ల చెల్లు పేరునకు సూత్రములు కొన్నియే. చిన్నబడి ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, అడ్డగీత, అడుగుగీత చాలును. అడ్డగీతతో పేరు మొదలుపెట్టరాదు. ఆజ్ఞలు దానిని సూచనగా భ్రమించును. ఖాళీలు వదలరాదు. చుక్కతోగాని ఖాళీతోగాని పేరు ముగియరాదు. తేదీని 2024-08-12 అని సంవత్సరముతో మొదలిడినచో ఫైళ్లు కాలక్రమమున వాటంతట అవే అమరును. తెలుగు పేరైనచో పొట్టిగా ఉంచవలెను.

పేరు పెట్టుటకు పట్టునది క్షణము. దానిలో చూపిన జాగ్రత్త నెలల శ్రమను కాపాడును.