అడుగులు సగం, నీళ్లు పావు: లేక్ మీడ్ కరవు లెక్క

వానాకాలం వస్తే మన పత్రికల్లో రోజూ రెండు అంకెలు కనిపిస్తాయి. శ్రీశైలం 885, సాగర్ 590. అడుగుల్లో చెప్పే ఈ పూర్తిస్థాయి నీటిమట్టాలు కృష్ణా ఆయకట్టు రైతులకు కంఠతా వచ్చు. అమెరికా నైరుతి ఎడారి ప్రాంతానికీ అలాంటి అంకె ఒకటుంది: 1,220. కొలరాడో నదిపై కట్టిన హూవర్ డ్యామ్ వెనక లేక్ మీడ్ జలాశయం నిండినట్టు చెప్పే మట్టం అది. 2000 జనవరిలో అక్కడ నీళ్లు 1,214 అడుగుల దగ్గరున్నాయి. 2022 జులై చివరికి 1,040 అడుగులకు దిగాయి. ఇరవై రెండేళ్లలో 174 అడుగులు పోయాయన్నమాట.

ఆ వేసవిలో జలాశయం గట్టున నిలబడ్డవారికి అంకెలతో పనిలేకపోయింది. కొండరాళ్ల మీద నీళ్లు వదిలిపోయిన సున్నపు తెల్లచార చాలా అంతస్తుల ఎత్తున కనిపించేది. పడవలు దించే ర్యాంపులు ఒక్కొక్కటీ మూతపడి, చివరికి హెమెన్‌వే హార్బర్‌లో ఒక్కటే మిగిలింది. నీళ్లు వెనక్కి జరిగేకొద్దీ దాన్నీ కిందికి పొడిగిస్తూ పోవాల్సి వచ్చింది. 1938లో మునిగిన సెయింట్ థామస్ అనే ఊరి పునాదులు ఈ కరవులోనే మళ్లీ బయటపడి, జనం నడిచి చూసే చోటుగా మారాయి.

అన్ని అడుగులూ ఒకటి కావు

మీడ్ మట్టాన్ని సముద్రమట్టం నుంచి లెక్కిస్తారు. 895 అడుగుల కంటే దిగితే డ్యామ్ నుంచి చుక్క నీరు కిందికి వదలలేరు. అది డెడ్ స్టోరేజీ. అంటే వాడుకోదగ్గ నీళ్లున్నది 895కీ 1,220కీ మధ్య, 325 అడుగుల లోతులో. 2022 జులైలో ఇందులో 145 అడుగులు మిగిలాయి. ఎత్తు లెక్కన చూస్తే 45 శాతం, దాదాపు సగం. నీళ్ల లెక్కన మాత్రం నిల్వ 27 శాతమే.

తేడా లోయ ఆకారంలో ఉంది. లోయ గరాటులా పైన వెడల్పుగా, కిందికి పోయేకొద్దీ ఇరుకుగా ఉంటుంది. అందుకే పై అడుగులో పట్టినన్ని నీళ్లు కింది అడుగులో పట్టవు. అక్కడివాళ్లు నీటిని ఎకరా-అడుగుల్లో కొలుస్తారు. 10 లక్షల ఎకరా-అడుగులు మన లెక్కలో సుమారు 43.5 టీఎంసీలు. ఈ లెక్కన నిండు మీడ్‌లో వాడుకోదగ్గ నీరు దాదాపు 1,130 టీఎంసీలు. సాగర్, శ్రీశైలం పూర్తి నిల్వలు రెండూ కలిపిన దానికి రెట్టింపు పైమాటే. 2022 జులైలో మిగిలింది 300 టీఎంసీల పైచిలుకు, ఇంచుమించు ఒక్క సాగర్‌కు సరిపడా నీరు.

ఇప్పుడు అడుగుల వారీగా చూద్దాం. 1,220 నుంచి 1,145 వరకు ఒక్కో అడుగుకు సగటున 5.8 టీఎంసీలు. 1,075 నుంచి 1,025 వరకు 3.1 టీఎంసీలు. 1,025 కంటే దిగువన 2 టీఎంసీల లోపే. జలాశయంలో ఏటా 52 టీఎంసీల లోటు వస్తోందనుకోండి. నిండుగా ఉన్న రోజుల్లో మట్టం 9 అడుగులు తగ్గుతుంది. మధ్యలో అదే లోటుకు 17 అడుగులు, అడుగున 27 అడుగులు తగ్గుతుంది. కరవు తీవ్రత ఏమాత్రం పెరగకపోయినా, పాత లోటే కొనసాగినా, ఏటికేడాది మట్టం మరింత వేగంగా పడిపోతుంది.

ఎడారిలో వాన కాదు, కొండల్లో మంచు

మీడ్ పక్కనే ఉన్న లాస్ వెగాస్‌లో ఏడాదికి కురిసేది 4 అంగుళాల వాన. అది ఎక్కువైనా తక్కువైనా జలాశయానికి తేడా తెలియదు. నీళ్లు వచ్చేది వందల మైళ్ల ఎగువన, రాకీ పర్వతాల మంచు కరిగి. కాబట్టి మీడ్‌కు కరవంటే కొలరాడో, వయోమింగ్, యూటా రాష్ట్రాల కొండల్లో వచ్చే కరవే.

మంచు బాగానే పడినా నది పారుతుందన్న భరోసా లేదు. 2021లో ఎగువన మంచు సగటులో 80 శాతం పైనే ఉంది. ఎగువ జలాశయం లేక్ పావెల్‌కు చేరిన నీరు మాత్రం సగటులో మూడో వంతే. ముందటి వేసవిలో ఎండి బీటలువారిన నేల కరిగిన మంచును ముందు తాను తాగింది, మిగిలింది నదికి వదిలింది. పైగా వేడి. 2000-2014 మధ్య కొలరాడో ప్రవాహం గత శతాబ్దపు సగటు కంటే 19 శాతం తగ్గిందనీ, ఆ తగ్గుదలలో సుమారు మూడో వంతు కేవలం ఉష్ణోగ్రత పెరగడం వల్లేననీ 2017లో బ్రాడ్ ఉడాల్, జొనాథన్ ఓవర్‌పెక్ తేల్చారు. మరో అధ్యయనం 2000-2021 కాలాన్ని నైరుతి అమెరికాలో 1,200 ఏళ్లలోనే అత్యంత పొడి కాలంగా లెక్కగట్టింది. చెట్ల కాండాల్లోని వలయాలు చూసి తేల్చిన లెక్క అది.

కొండల నుంచి దిగిన నీరు కూడా నేరుగా మీడ్‌కు రాదు. 1963లో గ్లెన్ కాన్యన్ డ్యామ్ గేట్లు మూశాక నీరు ముందు పావెల్‌కు చేరాలి, అక్కడి నుంచి వదిలితేనే మీడ్‌కు ఇన్‌ఫ్లో. శ్రీశైలం వదిలితే సాగర్‌కు వచ్చినట్టే. మామూలు ఏడాదిలో పావెల్ వదిలేది 358 టీఎంసీలు. 2022లో పావెల్ మట్టమే పడిపోయి, అక్కడ విద్యుదుత్పత్తి ఆగిపోయే ప్రమాదం కూడా కనిపించి దాన్ని 305 టీఎంసీలకు కుదించారు. పైన ఆపిన 53 టీఎంసీలు కింద మీడ్‌లో లోటుగా తేలాయి.

కరవు లేని ఏడాదీ లోటే

మీడ్ నిర్వహణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ రెక్లమేషన్ చాలాకాలంగా చూపిస్తున్న జమాఖర్చు ఇది. పావెల్ నుంచి మామూలుగా వచ్చేదీ, మధ్యలో కలిసే వాగులదీ కలిపి జమ 392 టీఎంసీలు. దిగువ రాష్ట్రాలైన అరిజోనా, కాలిఫోర్నియా, నెవాడాలకు, మెక్సికోకు వదిలేది, దారి నష్టాలతో సహా 418 టీఎంసీలు. ఎండకు ఆవిరయ్యేది 26 టీఎంసీలు. ఏటా దాదాపు 6 అడుగుల మందాన నీరు గాల్లో కలిసిపోతుంది. మొత్తం ఖర్చు 444, లోటు 52 టీఎంసీలు. ఇది కరవు ఏడాది లెక్క కాదు, పావెల్ నుంచి రావాల్సినంతా వచ్చిన ఏడాది లెక్క.

పాత చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1956లో కరవుకు మీడ్ 1,083 అడుగులకు పడింది. 1960ల మధ్యలో పావెల్‌ను నింపుతున్నప్పుడు మళ్లీ ఆ దరిదాపులకే దిగింది. రెండుసార్లూ కోలుకుంది. 1983 జులైలోనైతే 1,225 అడుగులు దాటి స్పిల్‌వేల మీదుగా పొర్లింది. అప్పటికి అరిజోనా తన వాటా పూర్తిగా తోడుకోవడం లేదు. ఫీనిక్స్, టూసాన్ నగరాల దాకా నీళ్లు తీసుకెళ్లే 336 మైళ్ల సెంట్రల్ అరిజోనా కాలువ పూర్తయింది 1993లో. ఇప్పుడు మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉంటున్న ఫీనిక్స్ శివారు ఊళ్లు పెరిగింది ఆ నీళ్ల అండతోనే. వాడకం పూర్తిస్థాయికి చేరిన తర్వాత వచ్చిన కరవు ఇది. అందుకే ఈసారి జలాశయం కోలుకోలేదు.

1922లో తప్పిన లెక్క

1922 నవంబరులో ఏడు రాష్ట్రాలు కొలరాడో నీటిని పంచుకున్నాయి. ఎగువకు 327 టీఎంసీలు, దిగువకు 327. 1944 ఒప్పందంతో మెక్సికోకు మరో 65. మొత్తం 719 టీఎంసీలు కాగితం మీదికెక్కాయి. 1922 పంపకానికి ముందు ఏళ్లలో నది విపరీతంగా పారింది, ఆ పారకమే ఎప్పటికీ ఉంటుందనుకున్నారు. 2000 తర్వాత నదిలో సహజంగా వస్తున్నది సగటున 540 టీఎంసీలు. ఎగువ రాష్ట్రాలు తమ వాటా పూర్తిగా వాడుకోకపోబట్టే ఇన్నేళ్లు నెట్టుకొచ్చారు.

ఇక్కడ మనకు తెలిసిన పోలిక ఒకటుంది. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ సగటు చూడలేదు. నూరేళ్లలో 75 ఏళ్లు దొరికే నీరెంతో చూసి 2,060 టీఎంసీలుగా తేల్చి, దాన్నే నికర జలాలుగా పంచింది. అంత జాగ్రత్తపడినా కృష్ణాలో నాలుగేళ్లకో ఏడాది కటకట తప్పదు. ఇక నీళ్లు దండిగా పారిన ఏళ్లను నమ్ముకుని పంచిన కొలరాడో సంగతి చెప్పేదేముంది?

ఏ మట్టానికి ఏం జరుగుతుంది

2007లో, ఆపై 2019లో కుదిరిన ఏర్పాట్ల ప్రకారం మీడ్ మట్టాన్ని బట్టి కోతలు పడతాయి.

- 1,075 అడుగులు: తొలి దశ కొరత. చరిత్రలో మొదటిసారి 2021 ఆగస్టులో ప్రకటించారు. 2022లో అరిజోనాకు 22 టీఎంసీలు, మెక్సికోకు 3.5, నెవాడాకు దాదాపు 1 టీఎంసీ కోసేశారు.
- 1,050: రెండో దశ. లాస్ వెగాస్‌కు నీళ్లిచ్చే మొదటి ఇన్‌టేక్ 2022 ఏప్రిల్‌లో బయటపడింది ఈ మట్టం దగ్గరే.
- 1,025: మూడో దశ.
- 950: హూవర్ డ్యామ్‌లో విద్యుదుత్పత్తి ఆగిపోతుంది.
- 895: డెడ్ స్టోరేజీ.

తొలి దశలో కాలిఫోర్నియాకు కోత లేదు. కాలువ కట్టుకోవడానికి 1968లో అరిజోనా కాలిఫోర్నియా హక్కు ముందని ఒప్పుకుంది. అందుకే అరిజోనా తన వాటాలో 18 శాతం వదులుకుంటే 192 టీఎంసీల కాలిఫోర్నియా వాటా చెక్కుచెదరలేదు. ఆ దెబ్బ నేరుగా పడింది ఫీనిక్స్ దిగువన ఉన్న పినాల్ కౌంటీ రైతుల మీద. కాలువ నీళ్లు ఆగి బోర్ల మీద ఆధారపడ్డారు, కొందరు పొలాలు బీడు పెట్టారు.

లాస్ వెగాస్ దారి వేరు. నీళ్లలో 90 శాతం మీడ్ నుంచే తెచ్చుకునే ఆ నగరం 2015 నాటికి జలాశయం అడుగు నుంచి తోడే మూడో ఇన్‌టేక్ పూర్తిచేసింది. ఇళ్లలో వాడిన నీటిని శుద్ధిచేసి మళ్లీ మీడ్‌కే వదులుతుంది. అలంకారానికి పెంచే పచ్చిక బయళ్లను తీసేయాలని 2021లో నెవాడా చట్టం చేసింది. అయితే నగరాలు ఎంత పొదుపు చేసినా దానికో హద్దుంది. ఈ నదిలో మనుషులు వాడుకునే నీటిలో నాలుగింట మూడు వంతులు సేద్యానికే పోతుంది. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయ ఒక్కదాని హక్కే 135 టీఎంసీలు. నెవాడా రాష్ట్రం మొత్తం వాటా 13.

ఒక్క మంచి ఏడాది చాలదు

2023 చలికాలంలో రాకీ కొండల్లో మంచు దండిగా పడింది. 2026 చివరికల్లా 130 టీఎంసీలు ఆదా చేస్తామని మూడు దిగువ రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. అందులో ఎక్కువ భాగానికి ఫెడరల్ ప్రభుత్వం డబ్బు చెల్లిస్తుంది. రెండూ కలిసి 2024 ఫిబ్రవరికి మట్టాన్ని 1,076 అడుగులకు తెచ్చాయి. పోయిన 174 అడుగుల్లో తిరిగొచ్చింది 36. 2025 వేసవికి మళ్లీ 1,055 దగ్గరకు జారింది.

2007 నాటి నిబంధనల గడువు 2026తో ముగుస్తుంది. కొత్త పంపకం 719 టీఎంసీల కాగితం అంకె మీద కాక, నదిలో నిజంగా వస్తున్న 540 మీద జరగాలి. ఎవరి వాటా ఎంత తగ్గాలన్నదే అసలు తగాదా. ఆ తగాదా తేలకుండా మీడ్ నిండాలంటే 2023 లాంటి మంచు ఏళ్లు వరసగా రావాలి. గత పాతికేళ్లలో అలా వచ్చిన దాఖలా లేదు.