కేస్ షీటులో కరోనా

2020 మార్చి 20 నుంచి తిరుమలలో శ్రీవారి దర్శనాలు ఆగిపోయాయి. కొద్ది వారాల్లోనే తిరుపతి రూపం మారిపోయింది. స్విమ్స్‌కు అనుబంధమైన శ్రీ పద్మావతి ఆసుపత్రి రాష్ట్రస్థాయి కోవిడ్ ఆసుపత్రి అయింది. యాత్రికులు దిగే శ్రీనివాసం, విష్ణునివాసం వసతి గృహాలు రోగుల కోసం తలుపులు తెరిచాయి. అక్కడ చేరిన ప్రతి మనిషి పేరు మీదా ఒక కేస్ షీటు తయారైంది. వయసెంత, ఆడా మగా, ఏ ఊరు, ఏం పని, జ్వరం ఎన్నాళ్లుగా ఉంది, షుగర్ ఉందా, బీపీ ఉందా, చేరేటప్పుడు ఆక్సిజన్ ఎంత అన్నవే అందులోని గళ్లు. ఈ వైరస్ మన ప్రాంతంలో ఎలా నడిచిందో తెలిసింది వీటివల్లే.

‘ఏం పని’ అన్న గడినే చూడండి. 2020 మే నెలలో ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెల్లో ఉన్నట్టుండి కేసులు పెరిగాయి. విదేశాల ముఖం చూడనివాళ్లకు కరోనా ఎలా వచ్చిందని వెతికితే చాలామంది కూరగాయల వ్యాపారులు, లారీ డ్రైవర్లు, హమాలీలు అని తేలింది. వాళ్లందరినీ కలిపిన చోటు చెన్నైలోని కోయంబేడు మార్కెట్.

వయసు గడి చెప్పిన సంగతి ఇంకా బాధాకరం. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రికార్డుల ఆధారంగా రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం చేసిన అధ్యయనం 2020లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. 84,965 మంది రోగులనూ, వాళ్లతో మెలిగిన 5,75,071 మందినీ పరిశీలించిన పని అది. 5 నుంచి 17 ఏళ్ల వయసు రోగుల్లో మరణాలు 0.05 శాతం, 85 దాటినవారిలో 16.6 శాతం. వయసుతోపాటు ముప్పు పెరగడం లోకమంతటా ఉన్నదే. తేడా మరోచోట ఉంది. అమెరికాలో ఆ ఏడాది ఆగస్టు 1 నాటికి కోవిడ్‌తో చనిపోయినవారిలో 75 ఏళ్లు పైబడినవారు 58.1 శాతం కాగా, మన రెండు రాష్ట్రాల్లో 17.9 శాతమే. మన జనాభాలో ముసలివాళ్లు తక్కువన్న సంగతిని లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. ఇక్కడ ఎక్కువగా పోయింది ఇల్లు నడిపే వయసువాళ్లు.

మరణించినవారిలో 45 శాతం మందికి షుగర్ ఉంది. నా దృష్టిలో ఈ అధ్యయనంలో మనం గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఇదే. రక్తంలో గ్లూకోజు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే తెల్లకణాల చురుకుదనం తగ్గుతుంది, సన్నని రక్తనాళాల లోపొర దెబ్బతింటుంది. వైరస్ కూడా ఆ పొరనే గాయపరిచి నెత్తురు గడ్డకట్టేలా చేస్తుంది. ఆక్సిజన్ అవసరమైన రోగుల ప్రాణం కాపాడిన డెక్సామెథసోన్ కూడా షుగర్‌ను పెంచే మందే. 2021లో బ్లాక్ ఫంగస్ ఎక్కువగా షుగర్ రోగులనే పట్టడానికి అదుపు తప్పిన షుగరూ, ఇలాంటి మందూ తోడయ్యాయి.

ఆ చనిపోయినవారు ఆసుపత్రిలో ఉన్నది సుమారు ఐదు రోజులే. అమెరికాలో అది రెండు వారాల దాకా ఉంది. మనవాళ్లు చాలామంది ఆలస్యంగా వచ్చి ఉంటారని ఇది సూచిస్తుంది. దీన్ని నిర్లక్ష్యం అనేయడం అన్యాయం. ఊపిరితిత్తులు దెబ్బతిన్నా బొగ్గుపులుసు వాయువు చాలావరకు బయటికి పోతూనే ఉంటుంది. ఆయాసం పుట్టించే ప్రధాన సంకేతం ఆ వాయువు పేరుకోవడమే. అందువల్ల ఆక్సిజన్ 94 శాతం కన్నా బాగా కిందికి దిగినా కొందరు మామూలుగానే మాట్లాడుతూ, అన్నం తింటూ ఉన్నారు. వేలికి పెట్టే చిన్న పరికరం లేని ఇంట్లో ఆ ప్రమాదం ఎవరికి తెలుస్తుంది?

మరణాలకు కారణాలన్నీ రోగి ఒంట్లోనే లేవు కూడా. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా కొద్ది నిమిషాలు తగ్గితే, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది ప్రాణాలు పోయాయి. వాళ్ల వయసూ షుగరూ ఎంత విశ్లేషించినా ఆ మరణాలకు కారణం దొరకదు.

ఆసుపత్రి లెక్కను జిల్లా లెక్కగా చదవడమూ పొరపాటే. చిత్తూరు రోగికి వెల్లూరు సీఎంసీ దగ్గర, కుప్పం రోగికి బెంగళూరు దగ్గర. వాళ్ల వివరాలు పక్క రాష్ట్రాల రిజిస్టర్లలో కలిసిపోతాయి. అసలు పరీక్షకే రానివాళ్లు ఎందరో. 2020 సెప్టెంబరులో ప్రకటించిన రాష్ట్ర సీరో సర్వేలో 19.7 శాతం మందికి వైరస్ సోకినట్టు తేలింది. అప్పటికి నమోదైన కేసులు జనాభాలో ఒక శాతానికి కాస్త అటూ ఇటూ. వార్డులో మగవాళ్లు ఎక్కువగా కనిపిస్తే, వైరస్ వాళ్లనే పట్టిందనే ముందు ఇంట్లో ఆడమనిషికి జ్వరమొస్తే ఎన్నో రోజున ఆసుపత్రికి తీసుకొస్తున్నామో కూడా అడగాలి.

కరోనా తగ్గినా డెంగీ ఏటా వస్తూనే ఉంది, ఆ కేస్ షీటులోనూ ఇవే గళ్లు. కాబట్టి జ్వరంతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు అది ఏ రోజున మొదలైందో సరిగ్గా చెప్పండి. షుగర్ ఉంటే దాచకండి, వాడే మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. నలభై దాటి ఇంతవరకు షుగర్ పరీక్ష చేయించుకోకపోతే, జ్వరం వచ్చేదాకా ఆగకుండా ఈ నెలలోనే చేయించుకోండి.