మోటారుబండి పొగగొట్టములు – మితవ్యయము

ఇంటి జమాఖర్చులు చూచుకొను స్త్రీకి పప్పుప్పుల ధరలు తెలిసినంతగా మోటారుబండి భాగముల వెలలు తెలియకపోవుట సహజము. కాని పటాన్‌చెరు, సంగారెడ్డి, భానూరు ప్రాంతములందు కర్మాగారములలో జీతములు తెచ్చుకొను యువకులు పాత స్పోర్ట్సు కారు నొకదానిని కొని, “దీని ఎగ్జాస్టు హెడరు మార్పించవలెను, కొంత రొక్క మిమ్ము” అని తల్లినో, వదినెనో అడుగుట యిటీవల వినవచ్చుచున్నది. అడిగినవానిని కసరి పంపుటయు, అడిగినంత యిచ్చి యూరకుండుటయు రెండును తగవు. ఆ వస్తు వేమో, అది చేయు పని యేమో తెలిసికొని, యిచ్చిన రూపాయి సార్థక మగునట్లు చూచుటయే గృహిణికి తగినది. “ఆడువారి కీ ఇనుప గొట్టముల గొడవ యేల?” అని యెవరైన నవ్వినచో, ఆ గొట్టముల ఖర్చు మన డబ్బాలోనుండియే పోవుచున్నదని బదులు చెప్పవచ్చును.

ముందుగా హెడ రనగా నేమి? ఇంజనులోని యొక్కొక్క సిలిండరునందు పెట్రోలు గాలితో గలిసి మండి, తన బలమును పిస్టనున కిచ్చి, మిగిలిన వేడి వాయువుగా బయటికి పోవును. నాలుగు సిలిండర్లనుండి వచ్చు ఈ వాయువును ఒక్కచోటికి చేర్చి వెనుక గొట్టములోనికి పంపు భాగమును మానిఫోల్డు అందురు. సాధారణముగ ఇది పోత ఇనుముతో పొట్టిగా, బరువుగా నుండును. దానికి బదులుగా ఒక్కొక్క సిలిండరునకు ఒక్కొక్క పొడవైన ఉక్కు గొట్టమును వంచి, చివర నన్నిటిని కలిపినచో దానికి హెడ రని పేరు.

ఇచ్చట నొక భ్రమను తొలగించుకొనవలెను. భానూరులో భారత్ డైనమిక్స్ సంస్థవారి కర్మాగారము గలదు. 1970లో హైదరాబాదున స్థాపింపబడిన ఈ ప్రభుత్వ సంస్థ ట్యాంకులను ఛేదించు కొంకుర్స్ క్షిపణులను ఈ యూర నిర్మించుచున్నది. క్షిపణి తోకనుండి వెలువడు వాయువే దానిని ముందునకు నెట్టును. మోటారుబండి విషయ మట్లు కాదు. దాని పొగ బండిని నెట్టదు. పని ముగిసిన పిమ్మట మిగిలిన యుచ్ఛిష్టము మాత్రమే అది. కావున ధ్వని పెరిగినంతమాత్రమున బలము పెరిగిన దనుకొనుట, డప్పు గట్టిగా మ్రోగినందున జాతరకు జను లెక్కువ వచ్చి రనుకొనుట వంటిది.

మఱి హెడరువలన లాభ మెట్లు గలుగును? నిమిషమునకు 6000 సారులు తిరుగు ఇంజనులో ప్రతి సిలిండరును క్షణమునకు 50 మారులు వాయువును విడుచును. నాలుగింటికిని గలిపి 200 దెబ్బలు. నాలుగు గుమ్మముల జనము ఒకే యిరుకు సందులోనికి ఒక్కమారు వచ్చిపడినచో ఎట్లు త్రొక్కిసలాట యగునో, పొట్టి మానిఫోల్డులో ఆ దెబ్బ లట్లే ఒకదాని కొకటి అడ్డు తగులును. గొట్టములు తగినంత పొడవుగా, ఇంచుమించు సమానముగా నున్నచో, ముందు పోయిన వాయువు తన వెనుక కొంత శూన్యమును విడిచి, తరువాతి దానిని తనవైపు లాగుకొనును. పెక్కు నాలుగు సిలిండర్ల ఇంజనులలో 1, 3, 4, 2 అను వరుసలో మంట గలుగును. అందుచే 1ని 4తోను, 2ను 3తోను జతపఱచి, ఆ రెండు జతలను మఱల నొకటిగ జేయుట మధ్యవేగములందు మంచి లాగుడు నిచ్చును. గొట్టము మిక్కిలి వెడల్పైనచో వాయువేగము మందగించి, క్రింది వేగమున బండి మునుపటికంటెను నీరసించును.

లాభ మెంత యన్నది డబ్బిచ్చువారు తప్పక యడుగవలసిన ప్రశ్న. మన దేశమున 1990 దశకము చివర గోవాలో శాన్ సంస్థవారు ‘స్టార్మ్’ అను రెండు పీటల చిన్న స్పోర్ట్సు కారును నిర్మించిరి. దాని రినో ఇంజను 1149 సి.సి.ల పరిమాణము గలది. బలము సుమారు 60 అశ్వశక్తులు. హెడరువలన నూటికి ఐదు పాళ్ళు పెరిగిన దనుకొన్నను, వచ్చునవి మూడు అశ్వశక్తులు మాత్రమే! మఱియు కొన్ని బండ్లకు ఈ సొమ్ము కర్మాగారమునందే యుండును. జపానుదేశపు మాజ్దా సంస్థ 1989లో వెలువరించిన ఎం.ఎక్స్-5 బండికి స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టముల హెడరు పుట్టుకతోనే వచ్చినది. అట్టిదాని నూడదీసి వేఱొకటి తగిలించుట, ఉన్న బంగారు గాజును కరగించి గిల్టుగాజు చేయించుకొనుట గదా!

కాబట్టి రొక్కము స్వల్పముగ నున్నపుడు ఖర్చునకు వరుస యుండవలెను. మొదట చేయవలసినది మార్పు కాదు, పరీక్ష. పాత మానిఫోల్డున పగులు గలదా, ఇంజనునకు దానికి నడుమనుండు గ్యాస్కెట్టు కాలినదా, బోల్టులు వదులైనవా చూడవలెను. చల్లని ఇంజనును నడిపింపగనే టకటక మను చప్పుడు వచ్చి, వేడెక్కిన పిమ్మట తగ్గినచో, అది తఱచుగా లీకునకు గుఱుతు. సెన్సారునకు ముందు లీకున్నచో బయటి గాలి లోనికి జొరబడి, ఇంజను కంప్యూటరును మోసగించును. గాలి యెక్కువైన దని యెంచి అది మఱింత పెట్రోలు పోయును, మైలేజి తగ్గును. గ్యాస్కెట్టు మార్చుటతో ఈ నష్టము మానుట, క్రొత్త హెడరుకంటె ఇంటికి మేలు.

అప్పటికిని హెడరే కావలె నన్నచో రెండు దారులు గలవు: సిద్ధమైన దానిని కొనుట, షెడ్డులో చేయించుట. పారిశ్రామికవాడల చెంత నేర్పరులైన వెల్డరులు, లేతుపనివారు గల ఈ ప్రాంతమున రెండవది చౌకగా సాగవచ్చును. కాని పొదుపు చేయదగినది ఆడంబరమునందు, లోహమునందు కాదు. ఇంజనున కానుకొను ఫ్లాంజి సుమారు పది మిల్లీమీటర్ల మందముండవలెను. పలుచనిదైన వేడికి వంగి లీకగును. గొట్టమును నలిపి వంచినచో వంపువద్ద దారి కుంచించుకొనిపోవును. కావున లోపలి కొలత చెడకుండ వంచిన తునకలను కొని అతికించుట మేలు. ఫ్లాంజిని మందపు పలకకు బిగించి వెల్డింగు చేసినగాని అది తిన్నగా నిలువదు. నిండు భారమున నడచునపుడు ఆ వాయువు వేడి 700 డిగ్రీలను మించును. స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పు నాపును గాని, వేడికి సామాన్యపు ఉక్కుకంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు సాగును. తగినంత సందు లేనిచో పగులును. సామాన్యపు ఉక్కు చౌక. కొన్ని యేండ్లు మన్నును. దానికి వేడి నాపు పట్టీ చుట్టింతు మందురు. ఆ పట్టీ తడిని పట్టియుంచి తుప్పును త్వరపెట్టును. పాత స్టడ్డులకు ముందునాటి రాత్రియే తుప్పు వదిలించు నూనె వేసి యుంచినచో, విఱిగి అదనపు ఖర్చు కలుగకుండును.

చౌక యను పేర ఎన్నడును ఒప్పుకొనగూడని దొక్కటి గలదు: క్యాటలిటిక్ కన్వర్టరును తీసివేయుట. ప్లాటినము, పల్లాడియము, రోడియము అను విలువగల లోహములు పూసిన యీ డబ్బా కార్బన్ మోనాక్సైడు మొదలగు విషవాయువులను నిరపాయముగ మార్చును. మన దేశమున 1995 ఏప్రిలునుండి నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు ఇది నిర్బంధమైనది. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట అమలైన బి.ఎస్.-6 నియమములు మఱింత కఠినములు. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబినును ఆమ్లజనికంటె రెండువందల రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. తలనొప్పి, వికారము, మగత దాని గుఱుతులు. సరిగా బిగింపని హెడరునుండి అది బండిలోనికి చొచ్చినచో, వెనుక పీటమీద నిదురించు పసివాని కెంత ప్రమాదమో ఊహింపుడు. ఇంజనును మూసిన గదిలో నడిపింపనీయరాదు. నక్కవాగు నీళ్ళు కలుషితమైన కథ నెఱిగిన పటాన్‌చెరు వారికి పొగనుగూర్చి వేఱుగ చెప్పవలయునా?

చట్టము సంగతియు తెలియవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము నిర్మాత యిచ్చిన లక్షణములకు భిన్నముగ బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీము కోర్టు దీనిని గట్టిగ నిర్ధారించినది. అదే యేటి సవరణ చట్టము అనుమతి లేని మార్పునకు శిక్షను, పొగ, ధ్వని నియమములను మీఱినచో వేఱుగ శిక్షను ఏర్పఱచినది. భీమావారికి తెలుపక మార్చినచో పరిహారమునకు చిక్కు రావచ్చును. అప్పుడు సామెత చెప్పినట్లు ఉన్నదీ పోయె, ఉంచుకొన్నదీ పోయె. కావున పోటీలకొఱకే సిద్ధము చేయు బండిని చెన్నై చెంతనున్న ఇరుంగట్టుకోట్టై వంటి పందెపు బాటలమీద నడుపుకొనుట న్యాయము. దారిని పోవు బండికి కంపెనీ లక్షణముల ననుసరించిన భాగమే తగును.

ఇక డబ్బడిగిన కుఱ్ఱవానితో నేమనవలెను? “నాయనా, మొదట లీకులు చూపించి రా. బండికి పుట్టుకతో వచ్చిన దేదో కనుగొనుము. వచ్చు లాభమెంతో, అయ్యెడు ఖర్చెంతో కాగితముమీద వ్రాసి తెమ్ము. డబ్బా తీయనని మాట యిమ్ము” అనవలెను. ఈ నాలుగు మాటలకు జవాబు తెచ్చినవాడు బండిని గూర్చి నిజముగా నేర్చినవాడు. వానికి రొక్క మిచ్చుట దండుగ కాదు. తేలేనివానికి కావలసినది హెడరు కాదు, చప్పుడు మాత్రమే. దానికి మన డబ్బా తెఱువ నక్కఱలేదు.