యంత్రములకు యోగ్యమైన భాష

వాక్యార్థము బోధపడుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడు కారణములను మన శాస్త్రకారులు చెప్పుదురు. "నిప్పుతో మొక్కలను తడుపుచున్నాడు" అన్నచో విభక్తులన్నియు సరిగనే యున్నవి. కాని తడుపుట నీటి పని, నిప్పుది గాదు. యోగ్యత లోపించినది. మనుష్యుడు విని నవ్వును. కంప్యూటరు నవ్వదు; చెప్పినట్లు నిప్పునే పోయును.

నేడు విమానములు నడపుటకును, రైలు సంకేతములు మార్చుటకును, రోగికి మందు కొలిచి యెక్కించుటకును కంప్యూటరులను నమ్ముచున్నాము. వానికి ఆజ్ఞలు వ్రాయు భాషలు పెక్కులు. ప్రాణములతో ముడివడిన పనికి ఏ భాష తగును? యోగ్యత లేని వాక్యమును ఆ భాష ఎప్పుడు పట్టుకొనును, పట్టుకొనిన పిమ్మట ఏమి జరుగును అనునవి నా దృష్టిలో ముఖ్యములు.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ 1972 ప్రాంతమున రూపొందించిన సీ భాష మిక్కిలి చురుకైనది. కాని వ్రాయువానిని మితిమీరి నమ్మును. పది గళ్ళ పట్టికలో పదునొకండవ గడిని నింపుమన్నచో, అడ్డు చెప్పక ప్రక్కనున్న వేరొక లెక్కను చెరిపి వ్రాయవచ్చును. అందుచేతనే మోటారు పరిశ్రమవారు 1998లో మిస్రా యను నియమావళిని వెలువరించి, అందలి అపాయకర ప్రయోగములను కట్టడి చేసిరి.

అమెరికా రక్షణశాఖ పూనికతో పుట్టి 1983లో జాతీయ ప్రమాణమైన అడా భాష తీరు వేరు. ఇందు రాశులకు జాతియు హద్దులును ముందుగనే నిర్ణయింపవచ్చును. మీటరులు ఒక జాతి, సెకనులు ఒక జాతి యని చెప్పియుంచినచో, రెంటిని కూడబోయిన వాక్యమును ప్రోగ్రాము నడువకమునుపే త్రోసిపుచ్చును. నడకలో హద్దు దాటిన విలువ పుట్టినచో కేక వేయును. ఆ పేరు గణిత విదుషి అడా లవ్‌లేస్‌ది. ఆమె జన్మించిన 1815 అను అంకెనే ప్రమాణపత్రమునకు సంఖ్యగా నుంచిరి. సైనికశాఖవారికి ఇట్టి చమత్కారము తోచుట నాకు ముచ్చటగా నున్నది.

అయినను అడాలో వ్రాసినంత మాత్రమున ఆపద తప్పలేదు. 1996 జూన్ 4న దక్షిణ అమెరికాయందలి ఫ్రెంచి గయానాలో, కూరూ నుండి ఐరోపావారి అరియాన్ 5 రాకెట్టు తొలిసారి లేచినది. సుమారు 40 సెకనులలో దారి తప్పి ముక్కలైనది. అందు మనుష్యులు లేరు. నాలుగు ఉపగ్రహములు మాత్రము నశించినవి. రాకెట్టు గతిని కొలుచు పరికరములోని ప్రోగ్రామును పాత అరియాన్ 4 నుండి తెచ్చిరి. అందొక రాశిని, 32,767కు మించి పట్టని చిన్న గడిలోనికి మార్చు వాక్యమున్నది. పాత రాకెట్టు గమనములో ఆ రాశి అంతగా పెరుగదు, క్రొత్తదానిలో పెరిగినది.

నేను పనిచేసిన యొక పాఠశాలలో మార్కుల పట్టికకు రెండంకెల గళ్ళే అచ్చువేయించిరి. నూటికి నూరు వచ్చిన బాలునకు 00 అని ఎక్కినది. నేను సరిదిద్దులోపలనే వాడు ఇంట దెబ్బలు తినెను.

కూరూలో అడా తన పని తాను చేసినది: దోషమును పట్టి కేక వేసినది. కాని కేక వినబడినచో పరికరము ఆగిపోవలెనని ముందే నిర్ణయించియుండిరి. తోడుగా నుంచిన రెండవ పరికరములోను అదే ప్రోగ్రాము. అదియు నప్పటికే ఆగినది. ఆగుచు పంపిన దోషసమాచారమును ప్రధాన కంప్యూటరు గతి లెక్కగా గ్రహించి రాకెట్టును ప్రక్కకు త్రిప్పినది. ఇంతకును ఆ గణన, లేచిన పిమ్మట క్రొత్త రాకెట్టునకు అక్కరయే లేదు! అట్టి ప్రమాదమున్న 7 రాశులలో 4 రాశులకు రక్షణ కల్పించి, కంప్యూటరుపై భారము మితిమీరకుండుటకై 3 రాశులను విడిచియుండిరి.

అడా నుండియే వెలసిన స్పార్కు భాషలో, "ఈ రాశి ఇంతకు మించదు" అను ఊహను ప్రోగ్రాములోనే వ్రాసి, నడుపకమునుపే నిరూపింపవచ్చును. అట్టి చోట క్రొత్త రాకెట్టు వేగమును వ్రాసినంతనే పాత నిరూపణ చెల్లదు. ఆ సంగతి నేలమీదనే, వ్రాతబల్ల యొద్దనే తెలియును.