ఒక బాకీ, మూడు కాగితములు

ఓరుగల్లు కొత్తవాడలో తెల్లవారకముందే మగ్గముల చప్పుడు వినవచ్చును. ఆ వాడ జంపఖానాలకు పేరెన్నిక గన్నది. 1851వ సంవత్సరమున లండనులో జరిగిన మహాప్రదర్శనమున ఓరుగల్లు తివాచీ చూపబడినదనియు, 2018లో ఓరుగల్లు జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు లభించినదనియు సోదరీమణులలో పలువు రెఱిగియే యుందురు. నేత సంగతి యటుండనిండు. ఆ వాడలో నొక యింట మేము చూచిన మూడు కాగితములను గూర్చి యిప్పుడు ముచ్చటింపదలచితిమి.

ఆ యింటి యిల్లాలు మాకు వరుసకు వదినె. ఆమెయు భర్తయు నేసి యిచ్చిన జంపఖానాలకు రావలసిన కూలి యొక సంఘమువారు నెలల తరబడి యీయలేదు. ఏడవ తరగతి వఱకు చదివినది గనుక ఆమెయే కూర్చుండి రెండు పుటల యుత్తరము వ్రాసి సంఘాధ్యక్షులకు పంపినది. ప్రత్యుత్తరము రాలేదు. నకలు మాకు చూపినది. చదువుచుండగా మా కన్నులు చెమర్చిన మాట నిజము. అత్తగారి జబ్బు, పిల్ల చదువు, నూలు ధర, ఇరుగుపొరుగుల మాటలు, అన్నియు నందు గలవు. లేనిదొక్కటే: ఎన్ని జంపఖానాలు, ఏ తేదీన, ఎంత సొమ్ము అనునది. చదివినవారు “అయ్యో” యని మడచి పెట్టుటకు దక్క, ఆ యుత్తరముతో చేయదగిన పని వారికేమియు కానరాదు.

“ఇది మీ యన్నకు వ్రాయవలసిన యుత్తరము వదినె” అంటిమి.

“అన్నకు సుత రాసిన, సూడు” అని ఆమె రెండవ కాగితము తెచ్చినది.

అన్నగారు సూరతులో మిల్లు పని చేయుచున్నారు. ఓరుగల్లు నేతపనివారు బ్రతుకుతెరువునకై సూరతు, భీవండి, షోలాపురములకు పోవుట కొత్త కాదు గదా. ఆయనకు వ్రాసిన జాబులో మూడు దఫాలుగా 16, 14, 16 చొప్పున 46 జంపఖానాలు, మొత్తము 13,800 రూపాయలు, తేదీలతో సహా పద్దువలె నున్నవి. కుశలప్రశ్న యొక్కటియు లేదు! ఆయనకు కావలసినది అధ్యక్షులకును, అధ్యక్షులకు కావలసినది ఆయనకును పోయినది. మేము నవ్వితిమి, వదినెయు నవ్వినది.

కార్యాలయమునకు వ్రాయు జాబులో మొదటి వాక్యమే మన కోరికను చెప్పవలయును. చదువువారి బల్లపై అట్టివి పదుల కొలది పడియుండును. రెండవ పుట వఱకు వచ్చు తీరిక వారికుండదు. కావున పైన తేదీ, మన పేరు, చిరునామా, సభ్యత్వ సంఖ్య, ఎవరికి, విషయ మొక పంక్తి. పిదప, “నాకు రావలసిన 13,800 రూపాయల కూలి యిప్పింప గోరుచున్నాను” అని సూటిగా. దాని క్రింద పద్దు. కష్టము చెప్పరాదా? చెప్పవచ్చును, ఒక్క వాక్యమున. చిట్టీల నకళ్లనే జతచేయవలెను. అసలు చిట్టీలు ఇల్లు దాటరాదు. ఏ తేదీలోగా బదులు కోరుచున్నామో వ్రాయవలెను. చేతికిచ్చినచో ముట్టినట్లు నకలుపై సంతకము పుచ్చుకొనవలెను. స్పీడుపోస్టు చేసినచో రసీదు దాచవలెను.

సంఘము పలుకనిచో పై మెట్టు జిల్లా చేనేత జౌళి శాఖ కార్యాలయము. అచ్చటి యధికారి వదినె నెఱుగరు. కనుక ఆ జాబున తానెవరో, ఏ సంఘ సభ్యురాలో, ముందెవరికి ఎప్పుడు వ్రాసెనో చెప్పక తప్పదు. ఆ శాఖ దస్త్రములలోని సమాచారము కావలెనన్న 2005 నాటి సమాచార హక్కు చట్టము కలదు. దాని 6వ సెక్షను ప్రకారము తెలుగులోనే కోరవచ్చును, కారణము చెప్పనక్కఱలేదు, వ్రాయలేనివారికి అధికారియే వ్రాతలో సాయపడవలెను. సాధారణముగా 30 దినములలో బదులీయవలెను. నిజాము ఏలుబడిలో కచేరీ భాష ఉర్దూ. వ్రాయించుకొనుటకు మఱియొకరి గడప త్రొక్కిన ముత్తవ్వల మనుమరాండ్రకు ఈ సౌకర్యము చిన్నది కాదు.

అన్నగారికి మాత్రము పాత మర్యాద లన్నియు తగును. “ఉభయకుశలోపరి” యన్న మాటలో నెంత యాప్యాయత! అయితే పాత మర్యాద లన్నియు మంచివి కావు. వితంతువు పేరునకు ముందు “గం. భా. స.” అని చేర్చి, ఆమె దుఃఖమును పోస్టుకార్డుపై ఊరెల్ల చదువునట్లు చేసిన యాచారము పోయినందులకు మేము సంతసింతుము.

మూడవ కాగితము వదినె కూతురిది. పాఠశాలకు వ్రాసిన “మా వాడ” యను వ్యాసము. “మానవుడు సంఘజీవి” అని మొదలై, వస్త్రముల ప్రాశస్త్యము మీదుగా సాగి, వాడలో నడుగు పెట్టకయే ముగిసినది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో కాశికి పోవుచు స్నేహితునికి వ్రాసి పంపిన విశేషములే 1838లో “కాశీయాత్ర చరిత్ర” యను పుస్తకమైనవి. ఆ త్రోవ చూడని మిత్రుడు చదువునని యెఱిగి మజిలీలు, దూరములు, దొరకు వస్తువులు వ్రాసిరి. కనుపర్తి వరలక్ష్మమ్మగారు “గృహలక్ష్మి”లో “శారద లేఖలు” వ్రాసినప్పుడు వ్యాసమునకు జాబు రూపమే తొడిగిరి. వ్యాసమనగా ఎఱుగని చదువరికి వ్రాయు జాబే.

“మగ్గము చూడని పిల్ల కొకతెకు చెప్పు” మంటిమి. ఆ బాలిక కొంతసేపు కలము కొఱికి, వానకాలమున గుంటమగ్గపు గుంటలో నీరూరుననియు, ఆ దినము నాయన నేయడనియు, నాయనమ్మ పడుగు పోగులు తడిసెనేమోయని తడవకొకసారి తడిమి చూచుననియు వ్రాసినది. గుంటమగ్గమన నేమో రెండు వాక్యములు చేర్పించితిమి. మొదటి పుట కొట్టివేయు మనగా బాలిక ముఖము చిన్నబోయినది. వారము దినములు శ్రమపడి వ్రాసినదట. కొట్టివేయించితిమి.

సంఘమునకు కొత్త జాబు పోయిన మూడు వారములకు 7,000 రూపాయలు చేతికి వచ్చినవి. మిగిలిన 6,800 రూపాయలకు రెండవ జాబును వదినె మమ్ము పిలువకయే వ్రాసి పంపి, నకలు చూపినది. అంతయు చక్కగా నున్నది గాని, తేదీ వేయుట మఱచినది.